రెండు దరఖాస్తులు, ఒకే బెంచీ, నాలుగు చేతులు

ఉద్యోగానికి దరఖాస్తు పెట్టి తొమ్మిది నెలలు జవాబు కోసం చూశారా ఎప్పుడైనా? మీలో చాలామంది చూసే ఉంటారు. నోటిఫికేషన్, ఫీజు, పరీక్ష, కీ, అభ్యంతరాలు, ఆ తర్వాత ఎక్కడో కోర్టులో స్టే. ఏలూరు కోచింగ్ సెంటర్ల ముందు టీ తాగుతూ మాట్లాడుకునేది చాలావరకు ఇదే కదా. ఫ్రాంజ్ షూబర్ట్ అనే అతను 1826 ఏప్రిల్‌లో ఒక దరఖాస్తు పెట్టాడు. ఫలితం 1827 జనవరిలో తేలింది. పోస్టు ఇంకొకరికి వెళ్లింది. ఇంకొన్ని రోజుల్లో అతనికి ముప్పై నిండుతాయి. అది మొదటిసారి కూడా కాదు. పదేళ్ల కిందట పెట్టిన ఇంకో దరఖాస్తు కూడా అలాగే వెనక్కొచ్చింది.

షూబర్ట్ పేరు వినే ఉంటారు. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో మొజార్ట్, బెథోవెన్ తర్వాత చెప్పుకునే పేరు. గొప్పవాళ్లని మన పేపర్లలో 'ఆయన' అంటాం. కానీ ఇతను చనిపోయేనాటికి వయసు 31. మీకంటే నాలుగైదేళ్లు, నాకంటే రెండుమూడేళ్లు పెద్ద, అంతే. అందుకని 'అతను' అనే రాస్తాను.

ఈ పేజీలో అతని గురించి రాయడానికి కారణం ఒక పియానో రచన. పేరు ఎఫ్ మైనర్ ఫాంటసీ. దాన్ని ఒక్కరు వాయించలేరు. ఒకే పియానో ముందు ఇద్దరు పక్కపక్కన కూర్చుని నాలుగు చేతులతో వాయించాలి. దీన్నే పియానో డ్యూయెట్ అంటారు. కుడివైపు కూర్చుని పై స్వరాలు వాయించేవాళ్లది ప్రైమో, ఎడమవైపు కింది స్వరాలు వాయించేవాళ్లది సెకండో. ఏలూరు, తాడేపల్లిగూడెం మధ్య హైవే మీద ఏ ఊరి చర్చికి వెళ్లినా కీబోర్డు వాయించే కుర్రాడో అమ్మాయో ఒకరు కనిపిస్తారు. ఉంగుటూరులోనూ అంతే. వాళ్లని అడగండి, ఇంకొకరితో కలిసి ఒకే కీబోర్డు మీద ఇరవై నిమిషాలు వాయించమంటే ఏమంటారో. ముందు నవ్వుతారు. ఆ తర్వాత, మోచేతులు ఎక్కడ పెట్టుకోవాలి అని అడుగుతారు. ఆ ప్రశ్న సరైనదే, మళ్లీ అక్కడికి వస్తాను.

బడిపంతులు కొడుకు

షూబర్ట్ 1797 జనవరి 31న వియన్నా శివారులోని హిమ్మెల్‌ఫోర్ట్‌గ్రుండ్‌లో పుట్టాడు. నాన్న స్కూలు మాస్టారు. బడి, ఇల్లు అన్నీ దాదాపు ఒకటే. అమ్మకి పుట్టిన పద్నాలుగు మందిలో బతికింది ఐదుగురు. నాన్న వయొలిన్ నేర్పాడు, పెద్దన్న ఇగ్నాజ్ పియానో నేర్పాడు. కొన్నాళ్లకే తమ్ముడికి చెప్పడానికి తన దగ్గర ఏమీ మిగల్లేదని అన్నకి అర్థమైంది.

1808లో చక్రవర్తి ఆస్థాన చర్చి గాయకబృందంలో పిల్లల్ని తీసుకోవడానికి పరీక్ష పెట్టారు. నెగ్గితే రాజధానిలోని మంచి హాస్టల్ స్కూల్లో ఉచితంగా చదువు. పదకొండేళ్ల షూబర్ట్ నెగ్గాడు. గురుకులం సీటు వచ్చిన ఇంట్లో ఎంత సంబరమో మనకి తెలుసు, అక్కడా అంతే అనుకోవచ్చు. ఆస్థాన సంగీత నిర్దేశకుడు సాలియేరి అతనికి తర్వాత స్వరరచన నేర్పాడు. హాస్టల్లో రాసుకోవడానికి మ్యూజిక్ కాగితం కొనే డబ్బు ఉండేది కాదు. స్పౌన్ అనే సీనియర్ కొనిచ్చేవాడు. మీకు జిరాక్సులు తీయించిపెట్టిన సీనియర్ ఎవరైనా ఉంటే ఈ మాట ఊరికే చదివేసి వదిలెయ్యలేరు.

ఇక్కడో చిన్న విషయం. షూబర్ట్ రచనలన్నిటినీ ఓటో ఎరిక్ డాయిచ్ అనే పండితుడు కాలక్రమంలో పేర్చి 1951లో జాబితా వేశాడు. ఆ జాబితాలో మొట్టమొదటి అంకె, డి.1, ఒక ఫాంటసీ. 1810లో, పదమూడేళ్లప్పుడు రాసింది. అది కూడా ఇద్దరు కలిసి వాయించే పియానో రచనే. మన ఎఫ్ మైనర్ ఫాంటసీ సంఖ్య డి.940. మధ్యలో ఉన్నది పద్దెనిమిదేళ్లు.

1812లో అమ్మ పోయింది. అదే ఏడాది గొంతు మారింది, గాయకబృందంలో పని అయిపోయింది. 1813లో హాస్టల్ వదిలి టీచర్ ట్రైనింగ్‌లో చేరాడు. మన డీఎడ్ లాంటిది అనుకోండి. 1814 నుంచి నాన్న బడిలోనే చిన్నక్లాసు పిల్లలకి అసిస్టెంటు. ఇష్టంలేని పని. అయినా 1815 ఒక్క ఏడాదిలోనే నూట నలభైకి పైగా పాటలు కట్టాడు. పగలు అక్షరాలు దిద్దించి, మిగతా వేళల్లో!

మొదటి దరఖాస్తు

1816 ఏప్రిల్‌లో లైబాఖ్ నగరంలో సంగీతం టీచర్ పోస్టుకి దరఖాస్తు పెట్టాడు. అది ఇప్పటి స్లొవేనియా రాజధాని లుబ్లియానా. రాలేదు. సాలియేరి శిష్యుడన్న పేరు కూడా పనిచెయ్యలేదు. ఆ ఉద్యోగం అతనికి ఎందుకు కావాలో తెలిస్తే మీకు కథ ఇంకాస్త దగ్గరవుతుంది. తెరీస్ గ్రోబ్ అనే అమ్మాయి అతని రచనని చర్చిలో పాడింది. పెళ్లి చేసుకోవాలనుకున్నాడు. అప్పటి ఆస్ట్రియా చట్టం ప్రకారం అతని లాంటివాడు పెళ్లాడాలంటే కుటుంబాన్ని పోషించే ఆదాయం చూపించాలి. ఉద్యోగం లేకపోతే పిల్లనివ్వరు అని మన ఊళ్లో పెద్దవాళ్లు అనే మాటని అక్కడ ప్రభుత్వమే రాసిపెట్టింది. తెరీస్ 1820లో బేకరీ నడిపే ఒకాయన్ని పెళ్లి చేసుకుంది.

రెజ్యూమె ఎవరికో చేరిపోవడం కూడా అతనికి జరిగింది. 1817లో తన 'ఎర్ల్‌కోనిగ్' పాటని లైప్‌జిగ్‌లోని ప్రసిద్ధ ప్రచురణ సంస్థ బ్రైట్‌కోఫ్ అండ్ హార్టెల్‌కి పంపితే వాళ్లు వేసుకోలేదు. తిప్పి పంపేటప్పుడు వాళ్లకి తెలిసిన ఒకే ఒక్క ఫ్రాంజ్ షూబర్ట్‌కి పంపేశారు. అతను డ్రెస్డెన్‌లో ఉండే ఇంకో స్వరకర్త! ఆయనకి ఒళ్లుమండింది. ఇలాంటి చెత్త తాను రాయలేదనీ, తన పేరు వాడుకున్నదెవరో తేలుస్తాననీ జవాబు రాశాడు. ఆ చెత్త ఈరోజు ప్రపంచంలో అందరికంటే ఎక్కువగా పాడే జర్మన్ పాటల్లో ఒకటి. 1821లో అది అచ్చయింది కూడా ప్రచురణకర్తల వల్ల కాదు, ఖర్చు స్నేహితులు పెట్టుకున్నారు.

ట్యూషన్ మాస్టారు

1818 వేసవిలో ఒక అవకాశం వచ్చింది. అది ఉద్యోగం కూడా కాదు, ట్యూషన్. కౌంట్ ఎస్టర్‌హాజీ అనే జమీందారు కూతుళ్లు మారీ, కారొలీనాలకి పియానో నేర్పాలి. ఊరి పేరు జెలిజ్. అప్పట్లో హంగేరీ, ఇప్పుడు స్లొవాకియాలో ఉంది. వియన్నాలో పుట్టి పెరిగినవాడు పల్లెటూరికి వెళ్లాడు. బస జమీందారు భవనంలో కాదు, పనివాళ్లు ఉండే వైపు. ఎదురుగా నలభై దాకా పెద్దబాతులు, అవి అరవడం మొదలుపెడితే మనుషుల మాట వినపడదని స్నేహితులకి ఉత్తరంలో రాశాడు. కొల్లేరు పక్క ఊళ్లలో బాతుల మందలు చూసినవాళ్లకి ఆ గోల గురించి నేను చెప్పక్కర్లేదు.

ఆ ఇద్దరు ఆడపిల్లలకి ఏం నేర్పాలి? ఆ రోజుల్లో రికార్డులు లేవు, రేడియో లేదు. ఒక సింఫనీ వినాలంటే నగరంలో కచేరీ దాకా వెళ్లాలి, లేదంటే దాన్ని నాలుగు చేతులకి సరిపడా మార్చి రాసిన పుస్తకం కొనుక్కుని ఇంట్లో పియానో ముందు ఇద్దరు కూర్చుని వాయించుకోవాలి. ఇళ్లలో డ్యూయెట్‌కి గిరాకీ అలా వచ్చింది. ట్యూషన్‌కి కూడా అది బాగా పనికొస్తుంది. మాస్టారు ఒకవైపు, పిల్ల ఒకవైపు. లేదా అక్కాచెల్లెళ్లు ఇద్దరూ. షూబర్ట్ వాళ్లకోసం రాస్తూ పోయాడు. అప్పుడు రాసిన ఒక రచన, ఫ్రెంచ్ పాట మీద వేరియేషన్లు, 1822లో బెథోవెన్‌కి అంకితంగా అచ్చయింది.

1824లో మళ్లీ జెలిజ్ వెళ్లాడు. ఈ ఆరేళ్లలో చాలా మారింది. 1822 చివర్లో నయంకాని జబ్బు పట్టుకుంది, 1823లో ఆస్పత్రిలో పడ్డాడు. డబ్బు అవసరమై అచ్చయిన తన రచనల హక్కులు ప్రచురణకర్తకి గంపగుత్తగా అమ్మేశాడు. (సైడ్ ప్రాజెక్టు కోడ్ మొత్తం రాసిచ్చేసే కాంట్రాక్టు మీద సంతకం పెట్టబోతున్నవాళ్లు ఈ వాక్యం రెండుసార్లు చదవండి.) రెండోసారి జెలిజ్‌లో రాసిన డ్యూయెట్లు పిల్లల పాఠాల స్థాయి ఎప్పుడో దాటేశాయి. 'గ్రాండ్ డుయో' అనే సొనాటా ఎంత పెద్దదంటే, ఇది ఏదో సింఫనీని పియానోకి కుదించి రాసి ఉంటాడని తర్వాతి తరం స్వరకర్త షూమన్ అనుమానపడ్డాడు.

నాకు ఈ జీవితంలో బాగా నచ్చే భాగం ఇదే. చేతికి దొరికింది చిన్న పని. స్టేజీ లేదు, పేరు లేదు, వినేవాళ్లు ఇద్దరు పిల్లలూ వాళ్ల ఇంటివాళ్లూ. అతను ఆ పనిని తక్కువగా చూడలేదు. తన జీవితం మొత్తంలో నాలుగు చేతుల కోసం ముప్పైకి పైగా రచనలు చేశాడు. గొప్ప స్వరకర్తల్లో ఈ ప్రక్రియ మీద ఇంత పని చేసినవాళ్లు ఇంకొకరు కనపడరు. మొజార్ట్ కూడా అక్క నానెర్ల్‌తో కలిసి చిన్నప్పుడు డ్యూయెట్లు వాయించాడు, మంచివి కొన్ని రాశాడు. కానీ షూబర్ట్‌కి అది పక్క పని కాదు.

రెండో దరఖాస్తు

ఇప్పుడు మొదట చెప్పిన 1826 దగ్గరికి వచ్చాం. పోస్టు ఆస్థాన ఉపసంగీత నిర్దేశకుడు. మన సంస్థానాల్లో కొలువు లాంటిది. సంగీతం నమ్ముకున్నవాడికి నెలనెలా జీతం అంటే అప్పట్లో అక్కడైనా ఇక్కడైనా దారి అదే. మన దగ్గర విజయనగరంలో 1919లో మహారాజా వారి సంగీత కళాశాల పెట్టినప్పుడు ద్వారం వెంకటస్వామి నాయుడు గారికి అక్కడ వయొలిన్ ఆచార్య పదవి దొరికింది, తర్వాత 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. ఆ స్థిరత్వం ఒక కళాకారుడికి ఏం ఇస్తుందో ఆయన జీవితం చూస్తే తెలుస్తుంది. షూబర్ట్ అడిగింది అలాంటిదే.

అతను చక్రవర్తికి పెట్టుకున్న అర్జీ ఇప్పటికీ ఉంది. చదివితే అచ్చం రెజ్యూమెలా ఉంటుంది. వియన్నాలోనే పుట్టాను, బడిపంతులు కొడుకుని, వయసు 29 అని మొదలు. తర్వాత ఆస్థాన గాయకబృందంలో ఐదేళ్లు, సాలియేరి దగ్గర శిక్షణ, పాటల వల్ల జర్మన్ ప్రాంతాలన్నిటా వచ్చిన పేరు, చర్చి కోసం సిద్ధంగా ఉన్న ఐదు మాస్‌లు. చివర్లో, ప్రస్తుతం ఏ ఉద్యోగమూ లేదు అని. ఒక్క అబద్ధం లేదు, ఒక్క అతిశయోక్తి లేదు. ఫ్రెషర్ల రెజ్యూమెలు రోజూ చూసేవాడిగా చెప్తున్నాను, నేను చూసినవాటిలో చాలావాటికంటే ఇదే బాగుంది.

పోస్టు జోసెఫ్ వైగల్‌కి ఇచ్చారు. అప్పటికే ఆస్థాన ఒపెరాలో పనిచేస్తున్న పెద్దమనిషి. అంటే ఇంటర్నల్ క్యాండిడేట్. ఇందులో కుట్రేమీ వెతకక్కర్లేదు, ఆయన కూడా సమర్థుడే. కానీ షూబర్ట్‌కి ఆ తర్వాత జీతం ఉన్న ఉద్యోగం అంటూ మరి రాలేదు. అద్దె గదులు, స్నేహితుల ఇళ్లు, వాళ్ల పియానోలు. సొంత పియానో లేని కాలమే ఎక్కువ.

ఫాంటసీ

1828 జనవరిలో ఎఫ్ మైనర్ ఫాంటసీ మొదలుపెట్టాడు. ఫిబ్రవరిలో మైన్జ్ నగరంలోని షాట్ ప్రచురణ సంస్థకి తన దగ్గర సిద్ధంగా ఉన్న రచనల జాబితా పంపాడు. అందులో ఇదీ ఉంది, కారొలీనా ఎస్టర్‌హాజీకి అంకితం అని కూడా రాశాడు. జెలిజ్‌లో పాఠం చెప్పించుకున్న చిన్నమ్మాయికి అప్పుడు ఇరవై రెండేళ్లు. ఆమె అంటే అతనికి ప్రేమ అని స్నేహితులు తర్వాత రాశారు. జమీందారు కూతురు, ఉద్యోగం లేని సంగీతకారుడు. ఆ విషయం నేను ఇంతకంటే లాగను. షాట్ వాళ్లు ఫాంటసీని వెయ్యలేదు.

ఇప్పుడు దీన్ని నేర్చుకోవాలంటే ఏం చెయ్యాలో చూద్దాం. అతని బుర్ర ఎలా పనిచేసిందో అక్కడే బాగా తెలుస్తుంది.

మొత్తం సుమారు ఇరవై నిమిషాలు, ఆగకుండా సాగే నాలుగు భాగాలు. ముందు సెకండో మెల్లగా, గొణుగుతున్నట్టు మొదలుపెడుతుంది. దాని మీద ప్రైమో ఒక చిన్న ముక్క ఎత్తుకుంటుంది. ఎఫ్‌ని షడ్జమం అనుకుంటే, కింది పంచమం నుంచి షడ్జమానికి ఎగిరే ముక్క అది. మైనర్ స్కేలు మన నఠభైరవికి దగ్గర కాబట్టి మన చెవికి కొత్తేమీ అనిపించదు. వాయించడం తేలిగ్గానే కనిపిస్తుంది. అక్కడే చాలామంది బోల్తా పడతారు. సెకండో చేతిలో రాగం లేదు, గొణుగుడు మాత్రమే ఉంది. అది ఒక్క పిసరు గట్టిగా మోగినా పైన పాట మునిగిపోతుంది. పైగా పెడల్ సాధారణంగా సెకండో కాలి కిందే ఉంటుంది. అంటే పక్కవాళ్లు వాయించే రాగం ఎంతసేపు మోగాలో, ఎక్కడ ఆగాలో మీ కాలు తేలుస్తుంది. మీ చెవి మీ చేతుల మీద కాదు, వాళ్ల చేతుల మీద ఉండాలి.

ఇక మోచేతుల సంగతి. ప్రైమో ఎడమచెయ్యి, సెకండో కుడిచెయ్యి మధ్యలో ఒకే చోటికి వస్తాయి. ఒకరు నొక్కిన మెట్టునే మరుక్షణం రెండోవాళ్లు నొక్కాల్సి ఉంటుంది. మీరు వేలు తియ్యడం ఆలస్యమైతే ఆ స్వరం మోగదు, తప్పు మాత్రం వాళ్లది అనిపిస్తుంది! అందుకే ముందే కూర్చుని ఎవరి చెయ్యి పైన, ఎవరిది కింద, ఎవరు మణికట్టు తగ్గించాలి అని పెన్సిల్‌తో నోట్స్ మీద రాసుకోవాలి. కొల్లేరులో తాటిదోనె ఎక్కినవాళ్లకి ఇది వెంటనే తెలుస్తుంది. ఇద్దరూ బరువైనవాళ్లే కావచ్చు, సమస్య బరువు కాదు, ఒకరు కదలబోతున్నట్టు రెండోవాళ్లకి తెలియకపోవడం.

రెండో భాగం లార్గో. స్వరస్థానం ఎఫ్ మైనర్ నుంచి ఒక్క మెట్టు పైకి, ఎఫ్ షార్ప్ మైనర్‌కి జరుగుతుంది. వినడానికి ఒక్క మెట్టే. చేతికి మాత్రం ఊరు మారినట్టు ఉంటుంది, నాలుగు ఫ్లాట్లు పోయి మూడు షార్పులు వస్తాయి, వేళ్ల అమరిక మొత్తం మారిపోతుంది. ఇక్కడ లయ తెగ్గొట్టినట్టు ఉంటుంది, ఒక పొడుగు స్వరం, వెంటనే చిటికెలో ఒక పొట్టి స్వరం. ఇద్దరిదీ ఆ పొట్టి స్వరం ఒకేసారి పడాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా వినేవాళ్లకి తెలిసిపోతుంది. దీనికి మందు లెక్కపెట్టుకోవడం ఒక్కటే కాదు, ఇద్దరూ కలిసి ఊపిరి తీసుకోవాలి. పాడేవాళ్లు ఎత్తుగడ ముందు తీసుకునే ఊపిరి ఉంటుంది చూడండి, అలా. మూడోది చురుగ్గా పరిగెత్తే స్కెర్ట్సో. దాని గురించి ఎక్కువ చెప్పను, వేళ్లకి అలవాటయ్యేదాకా నెమ్మదిగా వాయించి వేగం పెంచుకోవడమే.

అసలు పరీక్ష చివరి భాగం. మొదటి రాగం తిరిగొస్తుంది, వెంటనే ఫ్యూగ్ మొదలవుతుంది. ఫ్యూగ్ అంటే ఒక ముక్కని ఒక గొంతు ఎత్తుకుంటే, అది సాగుతుండగానే ఇంకో గొంతు అదే ముక్కతో వచ్చి కలుస్తుంది, తర్వాత ఇంకోటి. నలుగురు ఒకేసారి మాట్లాడుతున్నా ప్రతి ఒక్కరి మాటా వినపడాలి. ఇక్కడ ప్రైమో, సెకండో అన్న పెద్దరికం పోతుంది. రాగం ఇప్పుడు మీ ఎడమచేతిలో ఉండొచ్చు, రెండు క్షణాల్లో పక్కవాళ్ల కుడిచేతికి పోవచ్చు. మీ దగ్గర లేనప్పుడు తగ్గాలి, రాగానే లేవాలి. అది పెరిగి పెరిగి ఇంక పట్టదు అనుకున్నచోట ఠక్కున ఆగిపోతుంది. నిశ్శబ్దం. ఆ తర్వాత మొదట విన్న ఆ చిన్న ముక్క, ఒక్కసారి. అంతే.

మీలో సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లేవాళ్లకి పెయిర్ ప్రోగ్రామింగ్ తెలిసే ఉంటుంది. ఒకరు కోడ్ కొడతారు, రెండోవాళ్లు పక్కన కూర్చుని చూస్తూ దారి చెప్తారు, కాసేపటికి మారతారు. చేసినవాళ్లకి తెలుసు, మొదటి వారం ఒంటరిగా చేసేదానికంటే నెమ్మదిగా సాగుతుంది. డ్యూయెట్‌లోనూ అంతే. ముందు ఎవరి భాగం వాళ్లు మెట్రోనోమ్‌తో ఒంటరిగా సాధించాలి. ఆ తర్వాత కలిసి కూర్చోవాలి. నా సలహా ఇంకోటుంది. పావుగంట సీట్లు మార్చుకుని ఎదుటివాళ్ల భాగం వాయించి చూడండి, ఎంత తప్పులతో అయినా సరే. వాళ్ల కష్టం ఎక్కడుందో అప్పటికిగాని తెలియదు. ఫోన్‌లో రికార్డు చేసి వినండి. రచన కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది కాబట్టి నోట్స్ ఐఎంఎస్‌ఎల్‌పీ అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలో ఉచితంగా దొరుకుతాయి. ఇంట్లో ఉండే 61 మెట్ల కీబోర్డు మీద ఇద్దరు పట్టరు, 88 మెట్ల డిజిటల్ పియానో కావాలి. ట్రినిటీ ఎనిమిదో గ్రేడ్ అయినవాళ్లకి కూడా ఇది నెలల పని. అక్కడిదాకా వెళ్లనివాళ్లు నిరాశపడొద్దు, జెలిజ్ పిల్లల కోసం రాసిన చిన్న మార్చ్‌లతో మొదలుపెట్టండి. షూబర్ట్ కూడా నేర్పడం అక్కడే మొదలుపెట్టాడు.

ఆ ఏడాది

1828 మార్చి 26న, బెథోవెన్ పోయి సరిగ్గా ఏడాది అయిన రోజున, షూబర్ట్ తన రచనలతో మాత్రమే ఒక బహిరంగ కచేరీ పెట్టాడు. జీవితంలో అలాంటిది అదొక్కటే. హాలు నిండింది, దాదాపు 800 గుల్డెన్లు వచ్చాయి. మూడురోజుల తర్వాత పాగనీని వియన్నాలో తన వయొలిన్ కచేరీలు మొదలుపెట్టాడు. పేపర్లలో ఇక జాగా మొత్తం పాగనీనిదే. మీ ఊరి కుర్రాడి షార్ట్ ఫిల్మ్ విడుదలైన వారమే పెద్ద హీరో సినిమా వచ్చినట్టు.

మే 9న షూబర్ట్, అతని స్నేహితుడు ఫ్రాంజ్ లాఖ్‌నర్ ఒకే పియానో ముందు కూర్చుని ఎఫ్ మైనర్ ఫాంటసీ వాయించారు. విన్నది వాళ్ల స్నేహితుడు, రచయిత బావర్న్‌ఫెల్డ్. ఆ తర్వాత మే, జూన్ నెలల్లో ఇంకో రెండు డ్యూయెట్లు రాశాడు. సెప్టెంబరులో అన్న ఫెర్డినాండ్ అద్దె ఇంటికి మారాడు. ఆ శరదృతువులోనే చివరి మూడు పియానో సొనాటాలు పూర్తిచేశాడు, తీగవాద్యాల క్వింటెట్ రాశాడు. ఒంట్లో బాగుండేది కాదు.

ఇక్కడ మోటివేషన్ వీడియోలు చేసేవాళ్లు ఒక పని చేస్తారు. తిరస్కరణలన్నీ వరుసగా చెప్పి, చివర్లో చూడండి ఎలా గెలిచాడో అని మ్యూజిక్ పెంచుతారు. షూబర్ట్ జీవితానికి అది కుదరదు. అతనికి ఆ ఉద్యోగం నిజంగా కావాలి, వచ్చి ఉంటే బాగుండేది. రాకపోవడం వల్లే గొప్పవాడయ్యాడు అనేవాళ్ల మాట నేను నమ్మను. జీతం ఉండి, ఒంటికి మంచి వైద్యం అంది ఉంటే ఇంకో పదేళ్లు రాసేవాడేమో. పోస్టు రాకపోయినా అతని చేతిలో మిగిలిందేంటంటే ఆ రోజు పని. అది మాత్రం వాయిదా వెయ్యలేదు.

నవంబరు 4న ఒక పని చేశాడు. సైమన్ సెక్టర్ అనే గురువు దగ్గర కౌంటర్‌పాయింట్ క్లాసుకి వెళ్లాడు, తోడు లాంజ్ అనే ఇంకో సంగీతకారుడు. కౌంటర్‌పాయింట్ అంటే ఫ్యూగ్ రాయడానికి ఆధారమైన విద్య, అనేక గొంతుల్ని కలిపి నడిపించే శాస్త్రం. ఎఫ్ మైనర్ ఫాంటసీలో అంత పెద్ద ఫ్యూగ్ అప్పటికే రాసేసినవాడు, ఆరువందలకి పైగా పాటలు కట్టినవాడు, 31 ఏళ్ల వయసులో, ఒంట్లో బాగాలేనప్పుడు, వెళ్లి విద్యార్థిగా కూర్చున్నాడు. ఒకే ఒక్క క్లాసు జరిగింది. తర్వాత జ్వరంతో మంచం పట్టాడు. నవంబరు 19న పోయాడు.

అధికారులు వచ్చి ఆస్తి లెక్కకట్టారు. బట్టలు, దుప్పట్లు, కొన్ని పాత సంగీతం కాగితాలు. మొత్తం విలువ 63 గుల్డెన్లు, అందులో కాగితాలకి వేసింది 10. 1838 చివర్లో షూమన్ వియన్నా వచ్చి ఫెర్డినాండ్ ఇంట్లో కాగితాల కట్టల మధ్య సి మేజర్ 'గ్రేట్' సింఫనీ చూశాడు. 1839 మార్చి 21న లైప్‌జిగ్‌లో మెండెల్‌సన్ దాన్ని మొదటిసారి వాయింపజేశాడు. 1822లో మొదలుపెట్టి వదిలేసిన 'అన్‌ఫినిష్డ్' సింఫనీ జనానికి వినపడింది 1865లో.

ఎఫ్ మైనర్ ఫాంటసీ అంతకంటే ముందే బయటికొచ్చింది. 1829 మార్చిలో, అతను పోయిన నాలుగు నెలలకి, వియన్నాలో డయాబెల్లి సంస్థ ఓపస్ 103గా అచ్చేసింది. అట్టమీద కారొలీనా ఎస్టర్‌హాజీ పేరు ఉంది.